తడి మీద వేసిన ప్యాచ్

ప్రతి నెలా మొదటి ఆదివారం మా చర్చిలో బల్ల ఉంటుంది. రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచే ఆరాధన అది. మొదలుపెట్టే ముందు అయ్యగారు ఒక నిమిషం ఆగుతారు. ఎవరితోనైనా మాటలు లేనివాళ్లు, కడుపులో కోపం పెట్టుకున్నవాళ్లు ఆ పూటకు బల్ల తీసుకోకూడదు. మా తాతల నాటి కట్టడి, ఇప్పటికీ పోలేదు. ఆ నిమిషంలో నేను లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ని. ఒకసారి రెండుసార్లు కాదు, ఏడేళ్లు. మెట్ల కింద చెప్పుల దగ్గర కూర్చునేవాణ్ని. లోపల పాట, బయట నూరు జతల చెప్పులు, మధ్యలో నేను.

"జీవానందం ఉంటే చెప్పులకు భయం ల్యా" అని ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. నాకు వినపడేటట్టే అనేవాళ్లు.

నా కోపం ఫ్రెడ్డీ మాస్టారి మీద. చర్చికి కొత్త స్లాబు వేసినప్పుడు నేను నలభై రోజులు కూలి తీసుకోకుండా పనిచేశాను. చెక్కలు కొట్టాను, కమ్మీలు వంచాను, నీళ్లు మోశాను. ప్రతిష్ఠ రోజున గోడకు పాలరాతి పలక బిగించారు. ఇరవై మూడు పేర్లు. నా పేరు లేదు. పేర్లు రాయించింది ఫ్రెడ్డీ మాస్టారు, అప్పుడాయన కమిటీ సెక్రటరీ. ఆయన ఆరు ఫ్యాన్లు ఇచ్చారు. ఆయన పేరు పలక మీదా ఉంది, ఫ్యాను రెక్కల మీదా ఉంది. కరెంటు పోయినప్పుడల్లా ఫ్యాన్లు ఆగి, ఆయన పేరు అందరం చదువుకోవాల్సి వచ్చేది.

నా పేరు ఎందుకు లేదని నేను అడగలేదు. అడిగి రాయించుకుంటే అది గౌరవం ఎట్లా అవుతుంది? అడగలేదు గానీ, మరిచిపోనూ లేదు. తింటున్నా, పని చేస్తున్నా, మనసులో ఒక పంచాయితీ నడుస్తూనే ఉండేది. నేనే ఫిర్యాదీ, నేనే ప్లీడరు, తీర్పు చెప్పేదీ నేనే. రోజూ మాస్టారు ఓడిపోయేవాడు. మర్నాడు పొద్దున మళ్లీ మొదటికొచ్చేది.

నా పని ఫైబర్ బోట్లకు ప్యాచ్‌లు వేయడం. ఆరో తరగతిలో బడి మానేసి రకరకాల పనులు చేసి, చివరికి జువ్వలదిన్నెలో ఈ పని నేర్చుకున్నాను. విడవలూరు దాటి మా ఊరు. మా ఊరికి తూర్పున రెండు కిలోమీటర్లు పోతే జాలర్ల పాళెం, ఆ తర్వాత సముద్రం. పాళెంలో ముప్పై బోట్లు ఉన్నాయి. పన్నెండేళ్లుగా వాటికి దెబ్బ తగిలితే నన్నే పిలుస్తారు. మనుషుల దగ్గర దొరకని మర్యాద నాకు ఆ బోట్ల దగ్గర దొరికింది.

అక్టోబరు చివర్లో ఓబయ్య కబురు పెట్టాడు. పాళెంలో నాకు అందరికంటే దగ్గరివాడు ఆయన. బోటును ఇసుక మీద లాగి లాగి అడుగు అరిగిపోయింది, జానెడు మేర పొర చీలింది. నాలుగు రోజులుగా ముసురు. వాయుగుండం ఒకటి పక్కకు పోయింది గానీ తుంపర ఆగలేదు.

ఈ పనిలో ఒకటే నియమం. పాత పొరను గ్రైండరుతో గరుకు తేలేదాకా రుద్దాలి. తుడవాలి. ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తర్వాతే దాని మీద గాజునార మ్యాట్ పరిచి రెజిన్ జిగురు పట్టించాలి. తడి ఉంటే పట్టదు. పైకి పట్టినట్టే కనపడుతుంది, లోపల విడిగానే ఉంటుంది.

ఓబయ్య తొందరపెట్టలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. "చేప పడతా ఉండాదంట జీవా. రేపు పొద్దున పిల్లోడు పోదామంటుండాడు. కుదరదంటే చెప్పు, ఎల్లుండి పోతారు. నువ్వు సరేనంటేనే" అన్నాడు.

కుదరదు అనాల్సింది. ఆ రోజు పొద్దునే తెలిసింది, ఫ్రెడ్డీ మాస్టారిని సంఘ పెద్దగా ఎన్నుకున్నారని. చేతులు బోటు మీద ఉన్నాయి, మనసు చర్చి వరండాలో ఉంది. కరెంటు లేదు. గ్రైండరు తిరగదు. గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది, పాత లుంగీతో తుడిచాను. వేలు పెడితే చల్లగా తగిలింది. తడి అని తెలుసు. త్వరగా గట్టిపడాలని హార్డనర్ ఎక్కువ కలిపాను, అట్లా కలిపితే పెళుసుబారుతుందని కూడా తెలుసు. ఆఖరికి నీలం రంగు వేశాను. రంగు పడ్డాక నా కంటికే అందంగా కనపడింది.

"ఆరిందా?" అన్నాడు ఓబయ్య.

"రాయి అయింది. ఐదేళ్లు దాని దిక్కు చూడబల్లేదు" అన్నాను.

మర్నాడు ఓబయ్య కొడుకు ప్రసాద్ ఇద్దరిని తోడు తీసుకొని సముద్రం మీదికి పోయాడు. ఇరవై నాలుగేళ్లవాడు. ఆ రోజు తిరిగి రాలేదు. రెండో రోజు మధ్యాహ్నం జువ్వలదిన్నె బోటు ఒకటి ముగ్గురినీ తెచ్చి ఒడ్డున దించింది. వలకు కట్టే బెండ్లు పట్టుకొని రాత్రంతా నీళ్లలో తేలారట. బోటూ, ఇంజనూ, వలా అడుక్కు పోయాయి. "ఏం తగల్లేదు నాయనా, అడుగు నుంచి నీళ్లొచ్చినాయి" అని ప్రసాద్ చెప్పాడట.

ఆ సాయంత్రం ఓబయ్య మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"జీవా, నిజం చెప్పు. ప్యాచ్ పోయిందా?"

"నా ప్యాచ్ పోదన్నా. పన్నెండేళ్లుగా చూస్తుండావు గదా. దేనికో తగిలించుంటాడు. ఈ కాలం పిల్లోళ్లు, ఫోను చూసుకుంటా నడిపుంటాడు."

ఆ ఫోను మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. అబద్ధానికి ఒక కొస దొరికితే చాలు, మిగతాది అదే అల్లుకుంటుంది. ఓబయ్య తల వంచుకున్నాడు. నన్ను అనుమానించినందుకు సిగ్గుపడ్డాడు. "అట్టనే అనుకున్నాలే. ఏమనుకోబాక" అని వెళ్లిపోయాడు.

వాడితో పోయిన ఇద్దరూ నీళ్లొచ్చేటప్పుడు నిద్రలో ఉన్నారట, వాళ్లేమీ చెప్పలేకపోయారు. వారం తిరిగేసరికి ఆ మాట పాళెమంతా పాకి వాడి పేరు ఫోను ప్రసాద్ అయింది. బోటు నడిపే పని వాడికి ఎవరూ ఇవ్వకూడదని పెద్దలు తీర్మానం చేశారు. ఓబయ్య కొడుకుతో మాటలు మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ తల్లి చేత కబుర్లు చెప్పించుకునేవాళ్లట. ఆఖరికి వెంకటాచలం దగ్గర హైవే మీద ఏదో గోడౌనులో వాచ్‌మన్ పని కుదిరిందనీ, డిసెంబరు మొదటి ఆదివారం పన్నెండు గంటల బస్సుకు పోతున్నాడనీ టీ అంగట్లో విన్నాను. నడక కంటే ముందే ఈత నేర్చిన పిల్లవాడు, గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. నా నోటి మాట వల్ల.

మామూలుగా నాకు ఏ కష్టమొచ్చినా దానికి కారకుడు ఒకడు ఉండేవాడు. మా అన్నో, చర్చి కమిటీయో, గవర్నమెంటో. ఈసారి ఎంత వెతికినా ఎవరూ దొరకలేదు. ఓబయ్య తొందరపెట్టాడని అనుకోబోయాను, "నువ్వు సరేనంటేనే" అన్న మాట అడ్డం వచ్చింది. కరెంటోళ్లు అనుకోబోయాను. కరెంటోళ్లు రంగు వేయలేదు.

అన్నం సహించలేదు. చేతులకు పట్టిన ఫైబర్ పొడి ఎప్పుడూ దురద పెట్టేదే, ఇప్పుడు ఎక్కువైనట్టు అనిపించేది. మా ఆవిడ రెబెక్కమ్మ భయపడి మా చర్చి హెన్రీ అయ్యగారిని ప్రార్థనకు పిలిపించింది. నెల్లూరు నుంచి వచ్చిన చిన్న వయసాయన, బండి మీద తిరుగుతాడు. నా తల మీద చెయ్యి పెట్టి ఈ బిడ్డకు నెమ్మది దయచెయ్యి తండ్రీ అని గట్టిగా ప్రార్థన చేశాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు నన్ను బిడ్డ అంటుంటే ఒళ్లు మండింది. ఇంటికొచ్చిన ఆయనకు టీ ఇచ్చి పంపాం. నెమ్మది రాలేదు.

ఆ ఆదివారం ఆయన తుఫానులో పడవ కథ మీద వాక్యం చెప్పాడు. శిష్యులు అల్లల్లాడిపోతుంటే ప్రభువు పడవ వెనక తట్టు తలగడ వేసుకొని నిద్రపోయిన సంగతి. అందరూ ఆయన నిద్ర గురించి ఆలోచిస్తుంటే, నేను పడవ గురించి ఆలోచించాను. ఆ గాలికి అది విచ్చిపోలేదు. దాన్ని చేసినవాడు ఎవడో గానీ, చెక్క ఆరిందాకా ఆగినవాడు. ఆ మాట తోచేసరికి లేచి బయటికి పోవాలనిపించింది. అది బల్ల ఆదివారం కూడా కాదు.

రోజూ ప్రార్థన చేశాను. అబద్ధం చెప్పాను, క్షమించు అని చాప మీద మోకరించి అడిగాను. మాటలు పైకప్పు దాకా పోయి తిరిగి నా మీదే పడుతున్నట్టుండేది.

బల్లకు ముందు శనివారం సాయంత్రం మా చర్చిలో సిద్ధపాటు కూటం జరుగుతుంది. తగాదాలున్నవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని సమాధానపడే కూటం. నేను ఏడేళ్లుగా దానికి పోలేదు. డిసెంబరు మొదటి శనివారం రెబెక్కమ్మ పోరుపడలేక పోయాను. వెనక వరసలో కూర్చున్నాను. చర్చి ముందు క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి నిచ్చెన వేసి ఉంది.

పాట అయిపోయాక ఫ్రెడ్డీ మాస్టారు లేచి నా వైపు నడిచి వచ్చారు. ఈమధ్య ఆయనకు మోకాళ్ల నొప్పులు. బెంచీలు పట్టుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డారు. అందరూ తల తిప్పి చూస్తున్నారు.

"జీవానందం, స్లాబుకి నువ్వు చేసిన చాకిరీ నా కళ్లతో చూసినా. పలక మీద నీ పేరు రాయించలేదు. మరిచిపోయినానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నా. మరిచిపోలా. డబ్బిచ్చినోళ్ల పేర్లే చాలనుకున్నా. తప్పు నాది. నన్ను క్షమించు నాయనా."

ఆయన చెయ్యి చాచారు. నేను పట్టుకున్నాను. ఎవరో స్తోత్రం అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

ఏడేళ్లు ఈ మాట కోసమే కదా ఎదురుచూశాను. ఎన్నిసార్లు మనసులో దీన్ని ఊహించుకోలేదు! ఊహలో ఆయన ఏడ్చేవాడు, నేను ఉదారంగా వెన్ను తట్టేవాణ్ని. తీరా ఇప్పుడు ఆయన చెయ్యి నా చేతిలో ఉంటే నాకు ఏమీ కాలేదు. ఎప్పుడో ఆకలి చచ్చినవాడికి ఆకు నిండా వడ్డించినట్టుంది. పైగా సిగ్గేసింది. అంతమంది ముందు ఒక ముసలాయన నడిచివచ్చి తన తప్పు చెప్పుకున్నాడు. మరిచిపోయాననే సాకు ఆయనకు చేతిలోనే ఉంది, దాన్ని కూడా వదిలేశాడు. నాకు గుమ్మంలో నిలబడిన ఒక్క మనిషికి నిజం చెప్పడం చేతకాలేదు.

ఇంటికి పోయాక రెబెక్కమ్మ పొయ్యి మీద ఎండుద్రాక్ష ఉడకబెట్టింది. రేపటి బల్లకు రసం తీసే వంతు ఆమెది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"ఏడేళ్లకు రేపు నా పక్కన కూర్చుంటావు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసిపెట్టినా. చెప్పులకు ఇంకొకర్ని చూసుకోమని చెప్పాల."

"మే" అన్నాను. "ఓబయ్య బోటు మునిగింది నా ప్యాచ్ వల్లే."

ఆమె గరిటె తిప్పడం ఆపింది. మొత్తం చెప్పాను. తడి సంగతి, రంగు సంగతి, ఫోను మాట. చెప్పేటప్పుడు ఆమె వైపు చూడలేదు, పొయ్యి వైపు చూశాను.

"ఆ పిల్లోడి మీద పెట్టినావా?" అంది.

"దేవుడి దగ్గర ఒప్పుకున్నా. రోజూ ఒప్పుకుంటానే ఉండా. క్షమించమని అడగతానే ఉండా."

"మునిగింది దేవుడి బోటా?"



"చెబితే పాళెం పని మొత్తం పోతుంది" అన్నాను.

"పోతుంది" అంది. గిన్నె దించి, రసం వడకట్టడం మొదలుపెట్టింది. పోతే ఏం చేద్దామో చెప్పలేదు, పోదనీ అనలేదు. పెళ్లయి ఇరవై ఏడేళ్లు. ఆమె నన్ను ఓదార్చకుండా వదిలేసింది అదొక్కసారే.

ఆదివారం తెల్ల చొక్కా వేసుకొని రెబెక్కమ్మతో కలిసి చర్చికి పోయాను. వాక్యం అయిపోయింది. తెల్లగుడ్డ తీసి అయ్యగారు రొట్టె పళ్లెం ముందుకు జరిపారు. తర్వాత ఎప్పటిలాగే ఆ నిమిషం ఆగారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. బస్సు పన్నెండుకు.

లేచాను. నాలుగు వరసల ముందున్న ఫ్రెడ్డీ మాస్టారు వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆయన ముఖం పాలిపోయింది. తన చెయ్యి పట్టుకొని కూడా మళ్లీ బయటికి పోతున్నానని అనుకున్నారు. అయ్యగారు కూడా అట్లాగే అనుకున్నట్టున్నారు. "జీవానందం గారూ, ఇంకా ఏంటండీ?" అన్నారు, మైకు పక్కకు జరిపి.

"మాస్టారితో ఏం ల్యా అయ్యగారూ. ఆయన పని ఆయన చేసినారు. నా పనే బాకీ ఉండాది. ఈడ కూర్చుంటే కుదర్దు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. రెబెక్కమ్మ ఒక్కతే కళ్లు మూసుకొని ఉంది. ఆమె పెదవులు కదులుతున్నాయి.

చెప్పుల్లో నావి వెతుక్కొని వేసుకొని, ఆగకుండా తూర్పు దారి పట్టాను. ఆ రెండు కిలోమీటర్లూ ప్రార్థన చేద్దామనుకున్నాను. ప్రభువా, ప్రభువా అనుకుంటూ నడిచాను, అంతే. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. రెండుసార్లు ఆగాను. రెండోసారి ఆగినప్పుడు వెనక్కి తిరిగి చూశాను కూడా. చర్చి కనపడుతోంది. చెప్పుల దగ్గర నా చోటు ఖాళీగా ఉంటుంది, పోయి కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు. మళ్లీ నడిచాను.

ఓబయ్య ఇంటి ముందు ఆయన భార్య మాలకొండమ్మ ప్లాస్టిక్ డబ్బాలో పచ్చడి సర్దుతోంది. గుమ్మం పక్కన జిప్పు పూర్తిగా పడని సంచి ఒకటి ఉంది. ప్రసాద్ కొత్త ప్యాంటు వేసుకొని గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. ఓబయ్య కొడుకుకు వీపు పెట్టి వల అల్లుకుంటున్నాడు.

"రా అన్నా" అంది మాలకొండమ్మ. "తెల్లచొక్కా ఏసినావే, మీ పండగ వచ్చేసిందా? పిల్లోడు పోతుండాడు, చూడను వచ్చినావా?"

కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను.

"అన్నా, నా ప్యాచే పోయింది. తడి మీద ఏసినా. తడి అని తెలిసే ఏసినా. తెలిసే రంగు పూసినా. నువ్వు మా ఇంటికొచ్చి అడిగినప్పుడు అబద్ధం చెప్పినా. ఫోను మాట నేను పుట్టించిందే. పిల్లోడి తప్పేం ల్యా."

ఓబయ్య చేతిలో వల ఆగింది. తల ఎత్తలేదు. మాలకొండమ్మ డబ్బా మూత చేత్తో పట్టుకొని అట్లాగే ఉండిపోయింది. ముందు మాట్లాడింది ప్రసాద్.

"నాకు తెల్సు మేస్త్రీ" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను. "మునిగేటప్పుడు అడుక్కు పోయి చేత్తో తడిమినా. నీ ప్యాచ్ అంచులో వేలు దూరింది. కాయితం లేచొచ్చినట్టు వచ్చింది. నాయనకు చెప్పినా. జీవానందం ప్యాచ్ పోదు, నువ్వు అబద్ధాలకోరువి అన్నాడు."

ఓబయ్య లేచాడు. నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నిన్ను నమ్మి" అన్నాడు, "నా కడుపున పుట్టినోడిని నమ్మలేదు."

అప్పుడు మాలకొండమ్మ అందుకుంది. "నువ్వు మనిషివేనంటయ్యా! మా ఇంటి నీళ్లు తాగినావు, మా గంగమ్మ కొలుపులకు కూడు తిన్నావు! నా బిడ్డ రాత్రంతా నీళ్లలో నానినాడే! ఊరంతా ఫోను ప్రసాదు ఫోను ప్రసాదు అంటా ఉంటే, తలకాయ గోడకు పెట్టి ఏడ్చినాడే! నెల రోజులు యాడ పెట్టుకున్నావయ్యా ఈ మాట? మీ దేవుడు క్షమిస్తే క్షమిస్తాడేమో, నేను మటుకు క్షమించను. పో!"

"పోబాక" అన్నాడు ఓబయ్య. "నాకు చెబితే చాల్దు. షెడ్డు కాడికి రా."

చేపలు వేలం పాడే షెడ్డు అది. ఆ రోజు గాలి ఎక్కువగా ఉండి బోట్లు పోలేదు, మగవాళ్లంతా అక్కడే ఉన్నారు. పాళెం పెద్ద చిన్నపోలయ్య చుట్ట కాలుస్తూ గట్టు మీద కూర్చొని ఉన్నాడు. ఓబయ్య ముందు నడిచాడు, నేను ఆయన వెనక, మా వెనక ప్రసాద్. మాలకొండమ్మ తిడుతూనే వచ్చింది.

మొత్తం మళ్లీ చెప్పాను. ఈసారి గట్టిగా, అందరికీ వినపడేటట్టు. చెప్పుకుంటూ పోతుంటే ఒక విచిత్రం జరిగింది. లోపల ఎవరూ వాదించడం లేదు. నా తరఫున మాట్లాడే ప్లీడరు లేడు. వాడు ఎప్పుడు వెళ్లిపోయాడో కూడా తెలియదు. జనం తిడుతున్నారు. తోసుకొస్తున్నారు. ఒకడు నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. నా లోపల మాత్రం ముసురు వెలిసిన పొద్దులాగా ఉంది. భయం ఉంది, సిగ్గూ ఉంది, వాటి కింద కదలనిది ఇంకొకటి ఉంది. అది నా ధైర్యం కాదని నాకు బాగా తెలుసు, నా ధైర్యం సంగతి ఈ నెల రోజులూ చూశాను. నాలుగు గోడల మధ్య నెల రోజులు అడిగితే రానిది, తిట్లు తింటూ నిలబడినప్పుడు ఇచ్చాడు. ఇచ్చినవాడు పక్కనే నిలబడి ఉన్నట్టనిపించింది. ఇంతకంటే చెప్పడానికి నాకు మాటలు రావు.

"సరే" అన్నాడు చిన్నపోలయ్య, కాలరు పట్టుకున్నవాణ్ని పక్కకు లాగి. "బోటు పోయింది, ఇంజను పోయింది. ఏం చేస్తావు మేస్త్రీ?"

"నాకుండేది రేకుల ఇల్లు, ఒక గ్రైండరు. మీరేం చెబితే అది."

"వాడి రేకులు నాకెందుకు?" అన్నాడు ఓబయ్య. "బోటుకు నేను తంటాలు పడతా. నా కొడుకు మాట అబద్ధం అన్నారు గదా, అన్నోళ్లందరూ ఇప్పుడు వాడి ముందర ఇంకో మాట చెప్పండి. నేనూ అన్నా. ముందు నేనే చెబుతా." కొడుకు వైపు తిరిగాడు. వాడి కొత్త ప్యాంటు వైపు చూశాడు. ఆఖరికి, "ఆ ప్యాంటు మార్చుకోని రారా, వల చిక్కుబడి ఉండాది, ఒక్కణ్నే తీయలేను" అన్నాడు.

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. ప్రసాద్ ముక్కు తుడుచుకొని, "ఇట్టనే వస్తాలే నాయనా" అన్నాడు.

చిన్నపోలయ్య చుట్ట పడేసి తీర్మానం చెప్పాడు. పిల్లవాడి మీద మాట లేదు, రేపటి నుంచి ఏ బోటైనా నడపొచ్చు. ఫోను ప్రసాద్ అని నోరు జారినవాడు పది మంది ముందు చెంపలు వేసుకోవాలి. జీవానందం మాత్రం ఇక మీదట పాళెంలో ఏ బోటు మీదా చెయ్యి వేయకూడదు.

"న్యాయమే" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మాలకొండమ్మ ఎదురుపడింది. మొహం తిప్పుకుంది. ఆమె క్షమించలేదు, ఇప్పటికీ క్షమించలేదు. దాని మీద ఆమెతో నాకు వాదన లేదు. ఒక పలక మీద పేరు లేదని నేను ఏడేళ్లు మొహం తిప్పుకున్నాను. ఆమెది కన్నకొడుకు సంగతి. ఎన్నేళ్లు కావాలో ఆమె ఇష్టం.

రొయ్యల గుంటల గట్టు మీద రెబెక్కమ్మ ఎదురొచ్చింది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, నెత్తిన కొంగు అట్లాగే ఉంది. నా చొక్కా వైపు చూసింది, రెండు గుండీలు తెగిపోయి ఉన్నాయి.

"కొట్టినారా?"

"ల్యా. పట్టుకున్నారు అంతే."

"పిల్లోడు?"

"పోవడం ల్యా. వాళ్ల నాయనతో కూర్చోని వల చిక్కు తీస్తుండాడు."

ఆమె నిలబడి ఒక్క క్షణం సముద్రం వైపు చూసింది. తర్వాత నా పక్కన నడవసాగింది.

"పని?"

"ఇంక ఇయ్యరు."

"రేపటి నుంచి ఏం చేస్తావు?"

"తెలియదు" అన్నాను. తెలియకపోవడం అంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. అడిగినవాళ్ల మీద అరిచేవాణ్ని. ఇప్పుడు ఆ మాట మామూలుగా వచ్చింది. రెబెక్కమ్మ కూడా విచిత్రంగా చూసింది.

"మాస్టారు నాతో మాట్లాడినారు" అంది కొంచెం దూరం పోయాక. "నీకు ఇంకా కోపం పోలేదని బాధపడుతుండారు. నేనేం చెప్పలా. నీ నోటితోనే చెబుతావని."

"ఈ దారినే పోదాం. చెప్పే పోదాం."

"తిన్నాక పోదువు."

"ముందు చెప్పి వస్తా" అన్నాను. "అన్నం తర్వాత తింటా. ఆకలిగా కూడా ఉండాది."

రెబెక్కమ్మ నడక పెంచింది.